నర్సమ్మ మంచివన్న కొక్కులు

ఉరిమి వాన పడిందంటే చాలు, షోలాపూర్ భవాని పేటలోని తెలుగు ఆడవాళ్లకు నర్సమ్మ గుర్తొచ్చేది. మిగతా ఏడాదంతా కొడుకు పవర్‌లూమ్ మీద ఉంటే ఆమె బీడీల చేట ముందు కూర్చునే మామూలు మనిషి. పుట్టగొడుగులు, వాళ్ల మాటలో పుట్టకొక్కులు, మొలిచే రోజుల్లో మాత్రం ఆమె మాటే మాట. "థూ, పారెయ్" అందంటే ఆ గంపకు ఇక దిక్కు లేదు. ఎంత బతిమాలినా వినేది కాదు, మహా మొండిది.

ఆమెదొక కట్టడి ఉంది. ఏరిన వాటిలో గుప్పెడు ముందు తానే వండుకుని తినాలి. దీపాలు పెట్టే వేళదాకా తనకేమీ కాకపోతేనే మిగతా వాళ్లు కూర వండుకోవాలి. మొదట్లో అందరూ ఆగేవాళ్లు. ఏళ్లు గడిచినా ఆమెకు ఎన్నడూ ఏమీ కాలేదు, ఇంకెందుకు ఆగుతారు? ఆమె ముద్ద నోట్లో పెట్టుకోవడమే ఆలస్యం, వీధంతా తాలింపు వాసన. నర్సమ్మ తిట్టేది, వాళ్లు నవ్వేవాళ్లు.

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిది నాటికి ఆమె కళ్లకు పొర కమ్మింది. ఎవరికీ చెప్పలేదు. బీడీలు వేళ్లే చుట్టేస్తాయి, కొక్కులనూ వేళ్లతోనే పోల్చుకోవడం మొదలుపెట్టింది. పుట్టలోంచి వచ్చిన మంచిదైతే కాడ అడుగున పొడుగాటి వేరు ఉంటుంది. కాడ చుట్టూ ఉంగరంలా పొర తగిలిందా, విషపుది. కళ్ల సంగతి చెబితే కొంపేం మునిగేది కాదు. కానీ ఇక వానాకాలంలో తన గడప ఎవరూ తొక్కరేమోనని ఆమె భయం.

ఆ ఏడు మోకాళ్ల నొప్పని సాకు చెప్పి కోడలు ఉషను పంపింది. ఉష అక్కల్‌కోట్ రోడ్డు అవతలి బీడులోంచి గంపెడు తెచ్చింది. షోలాపూర్‌లోనే పుట్టి పెరిగిన పిల్ల, శుభ్రం ఎక్కువ. మట్టి కాడలన్నీ కోసి పారేసి, గొడుగులు మాత్రం కడిగి ముందు పెట్టింది. నర్సమ్మ ఒకటి చేతిలోకి తీసుకుంది. తడమడానికి కాడే లేదు.

"పుట్ట మీదియేనా బిడ్డా?"

"పుట్ట పక్కపొంటి దొరికినయ్ అత్తా. మస్తున్నయ్ గదా?"

దాన్ని తిప్పి వెలుతురుకు పట్టుకుంది. అడుగు రేకులు మంచివాటిలా తెల్లగా ఉన్నాయో, విషపువాటిలా ఆకుపచ్చగా తిరిగాయో, అంతా మసక. కనబడటం లేదన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కింటి గంగుబాయి గిన్నె పట్టుకుని గడపలో నిలబడి చూస్తోంది.

"మంచియే. అయినా నేను తిని చూస్త. దీపాలు పెట్టెదాంక మీరు ముట్టకుండ్రి," అంది నర్సమ్మ. పాడు పౌరుషం! తన కడుపే కదా, పోతే తానే పోతుందనుకుంది.

గంగుబాయిని దీపాలయ్యాక రమ్మని పంపేసి, తిని, బీడీల కట్టలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్లింది. తిరిగొస్తుంటే అశోక్ చౌక్ దగ్గర కడుపులో మెలిపెట్టింది. గోడ పట్టుకుని కక్కుకుంది. ఈసారైనా ఎవరూ తినకుండా ఉంటే చాలు అనుకుంటూ పడుతూ లేస్తూ ఇంటికొచ్చింది.

ఇంట్లో మనవరాలు విజయ వాంతులు చేసుకుంటూ మెలికలు తిరుగుతోంది.

"ఆకలని ఒక్కతీరుగ ఏడ్చింది అత్తా," ఉష పిల్ల మూతి తుడుస్తూ అంది. "నువ్వు తిన్నవ్ గదా అని పెట్టిన."

దవాఖానలో తెలుగు డాక్టరు, పిల్ల ఏం తిన్నదని అడిగాడు. నర్సమ్మ నోరు తెరిచేలోపే ఉష అందుకుంది.

"కొక్కులు తిన్నది సాబ్. గని అవ్వి మంచియే. మా అత్త చూసింది, ఆమె చూస్తే తప్పు పోదు. నూనె ఖరాబై ఉంటది."

ఉష తనను నాలుగు తిట్టినా బాగుండేది అనిపించింది నర్సమ్మకు.

"నూనె గాదు సారూ. అవ్వి విషపుయే. నాకు కండ్లు కనబడ్తలేవు. కనబడకుంటనే మంచియని చెప్పిన."

విజయ దక్కింది. ఇంటికొచ్చాక ఉష ఎప్పటిలాగే అత్తకు వేళకు అన్నం పెట్టింది, మందు ఇచ్చింది. ఒకరోజు నర్సమ్మ పెరుగన్నం కలిపి పిలిస్తే, పిల్ల పరుగెత్తుకొచ్చి ఒళ్లో కూర్చుని నోరు తెరిచింది. ఉష లేచి వచ్చి, అత్త చేతిలోంచి కంచం మెల్లగా తీసుకుంది.

"నేను పెడ్త తియ్ అత్తా," అంది.