నా పేరు మీద వచ్చిన రిపోర్టు

మా ల్యాబులో రక్తం తీసే అమ్మాయిని అందరం చీమ అంటాం. సూది గుచ్చితే చీమ కుట్టినంతే ఉంటుందని ఎవరో పేషెంటు పెట్టిన పేరు. రిపోర్టులు టైపు చేసేది నేను. నాకు నలభై ఆరేళ్ళు. ఈ కథకి ఆ వయసుతో పనుంది కాబట్టి దాచడం లేదు.

ఒక మంగళవారం డాక్టరుగారు నన్ను తన గదిలోకి పిలిచి గాజు తలుపు మూశారు. చేతిలో నా పేరుతో ఒక కాగితం. గర్భం వస్తే రక్తంలో పెరిగే హెచ్‌సీజీ హార్మోను నూట తొంభై ఉంది.

"ఏంటమ్మా ఇది?" అన్నారు నేల చూస్తూ.

నేను రక్తమే ఇవ్వలేదు. గాజు అవతల చీమ దూది చుడుతూ నా వైపే చూస్తోంది. ఆ చూపుతో సంగతి అర్థమైంది.

"ఏమో సార్, మా ఆయన్నే అడగాలి," అని బయటపడ్డాను.

"కొంప ముంచావు కదే!" అన్నాను స్టోరు గదిలో.

"నా పేరు రాస్తే సాయంత్రానికి మా అత్తగారి దాకా పోతుందక్కా. రెండుసార్లు అందరికీ చెప్పాను. రెండుసార్లూ అందరూ వచ్చి ఓదార్చి వెళ్ళారు. ఈసారి నిలిచాకే చెప్తా."

"మీ ఆయనకో?"

"ఆయనా అందరిలోకే వస్తాడు."

పట్టీని పళ్ళతో బిగించి తన రక్తం తనే తీసుకునేది. ట్యూబును గుప్పిట్లో పట్టుకుని కాసేపు నిలబడేది. ఎందుకే అంటే, "మిషన్లో చల్లగా ఉంటుంది కదక్కా," అంది. నవ్వబోయి ఆగిపోయాను.

మొదటి వారాల్లో ఆ అంకె రెండు రోజులకి దాదాపు ఒకటిన్నర రెట్లన్నా కావాలి. ఒక్క అంకెతో ఏదీ తేలదని, స్కానింగు దాకా ఆగమని పేషెంట్లకి చీమే ఓపిగ్గా చెబుతుంది. కానీ పోయిన ఇద్దరి అంకెలూ దానికి కంఠతా వచ్చు. రెండోసారి ఆఖరున వచ్చింది అరవై నాలుగట. అరవై నాలుగో టోకెను అది పిలవదు. నేనే పిలుస్తాను.

గురువారం రెండు వందల ఇరవై.

"పెరిగింది కదే!"

"పరిగెత్తాల్సింది పాకుతోందక్కా."

శనివారం తొంభై. చీమ నా భుజం మీంచి చూసి, "అయిపోయింది," అంది. వెళ్ళి తర్వాతి పేషెంటు చేతికి పట్టీ కట్టింది.

కాసేపటికి డాక్టరుగారు నా బల్ల దగ్గరికొచ్చారు. "మీ తప్పేం లేదమ్మా. బరువెత్తారనో, తిరిగారనో అనుకోకండి. చాలామందికి ఇలా అవుతుంది. మూడు రోజులు రాకండి, పడుకోండి. నొప్పి గానీ రక్తం గానీ ఎక్కువైతే వెంటనే ఫోన్ చెయ్యండి."

ఆ మాటలు వినాల్సిన మనిషి రెండడుగుల దూరంలో ఎవరి చేతికో నరం వెతుకుతోంది. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. చీమ తల అడ్డంగా ఊపింది.

"వెళ్ళక్కా," అంది అందరికీ వినబడేలా. "వెళ్ళి పడుకో."

సాయంత్రం ఫోన్ చేశాను. "పనిలో ఉన్నానక్కా," అని పెట్టేసింది.

నేను మాత్రం నిజంగానే పడుకున్నాను. మూడు రోజులూ పొట్ట మీంచి చెయ్యి తియ్యలేదు. ఎందుకని నన్నడక్కండి. మా ఆయన కడుపునొప్పా అంటే అవునన్నాను.