మా వదిన గీసిన వరద గీత

మా వదిన ఇక లేరు. ఉదయం కాఫీ తాగి, శిల్పాల షెడ్డులో తన కుర్చీలో కూర్చుని, కూర్చున్నట్టుగానే వెళ్ళిపోయారు. పక్కింటి అమ్మాయి ఏడుస్తూ ఫోను చేసినప్పుడు, పటమటలోనే రెండు వీధుల అవతల ఒంటరిగా, నిశ్చింతగా బతికే నేను అడిగిన మొదటి మాట, "బొమ్మ మీది గోనెపట్టాలు తడిగా ఉన్నాయా?" అని. ఆ పిల్ల నాకు మతి పోయిందనుకున్నది. మతి పోలేదు. మట్టి బొమ్మ ఎండితే పగులుతుంది. పోత పోయడానికి అచ్చు తీసేదాకా తడుపుతూనే ఉండాలి. ఆ మధ్యనే వదిన షెడ్డు తాళంచెవి నా చేతిలో పెట్టి, "నేను పోతే నన్ను చూడ్డానికి బోలెడుమంది వస్తార్లే అమ్మాయ్. నువ్వు దాన్ని చూడు" అన్నారు.

వదిన అంటే మా పెద్దన్నయ్య భార్య. అన్నయ్య పోయాక, పిల్లలు లేని ఆ ఇంట్లో బొమ్మలను నింపుకున్నారు. మా నగరంలో ఏ కూడలిలో చూచినా నాయకులు చేయెత్తి నిలబడి ఉంటారు. వదిన చేసిన నాయకుడు మాత్రం తన కుర్చీని చంటిపిల్లవాడిలా చంకనెత్తుకుని పరుగెడుతూ ఉంటాడు. ఆ బొమ్మను ప్రదర్శనలో పెట్టిన రోజున జనం ఎగబడ్డారు. మరునాడు నిర్వాహకులు దానికి దుప్పటి కప్పారు. ఆ దుప్పటి ఎత్తి చూడడానికి ఇంకా ఎక్కువమంది వచ్చారు. ఆ సాయంత్రం వదిన ముఖంలోని వెలుగు ఇప్పటికీ నా కళ్ళ ముందున్నది.

ఆమె పని తీరే వేరు. శాసనసభ సమావేశాలు వస్తుంటే టీవీలో శబ్దం పూర్తిగా తీసివేసి చూసేవారు. "మాటలు వింటే మొహం కనపడదమ్మాయ్" అనేవారు. చూస్తూ చూస్తూ ఒళ్ళోని మట్టిముద్దను నొక్కుతుంటే, మంత్రిగారి దవడ అక్కడ మొలిచేది.

ఒకసారి పేరుమోసిన కథానాయకుడిని బట్టతలతో, చిరుబొజ్జతో చేశారు. అభిమానులు మోటారు సైకిళ్ళ మీద గుంపుగా వచ్చి గేటు ఊపారు.

"మా హీరోకి జుట్టేదండీ?"

"నేను చేసింది ఆయన్ని బాబూ, ఆయన జుట్టుని కాదు."

"అవమానం కదండీ మేడమ్!"

"ఆ నవ్వు చూడు. ఆ నవ్వులో ఎక్కడన్నా అవమానం ఉందా? ఉంటే చెప్పు, ఇప్పుడే పగలగొడతా. ముందు మజ్జిగ తాగండి, ఎండనబడి వచ్చారు."

వాళ్ళు చూశారు. చాలాసేపు చూశారు. చివరకు ఆ బొమ్మ భుజం మీద చేతులు వేసి ఫోటోలు దిగి వెళ్ళారు.

ఇన్ని చేసినా ఆమె చేసిన బొమ్మ ఒక్కటి కూడా బహిరంగ స్థలంలో నిలవలేదు. ఆమెకు మిగిలిన కోరిక అదే. "ఒక్కటన్నా వీధిలో నిలబడాలే. వానకి తడవాలి, కాకులు రెట్టలెయ్యాలి. అప్పుడుగానీ అది బొమ్మ కాదు" అనేవారు.

మొన్నటి వరదకు ఏటి ఒడ్డు కాలనీ మునిగినప్పుడు ఒక నాయకుడు వచ్చి, నీళ్ళు లేని మెయిన్ రోడ్డు మీదనే నిలబడి, చేతులు జోడించి, నవ్వి, ఫోటో దిగి వెళ్ళాడు. నీళ్ళు తీయగానే వదిన ఆ కాలనీకి వెళ్ళారు. ఒక ఇంటి గోడ మీద వరద మిగిల్చిన బురద చార పక్కన నిలబడి, కొంగును నేలదాకా జారవిడిచి, చార ఎత్తుకు సరిగ్గా కొంగుకు ముడి వేసుకుని వచ్చారు. ఇంటికి రాగానే మట్టి పిసికారు. నాయకుడు నిలువెత్తున లేచాడు: అదే ఇస్త్రీ చొక్కా, అవే జోడించిన చేతులు, అదే నవ్వు. నడుముకు కాస్త పైన, కొంగుముడి ఎత్తున, వేలి మందంలో చుట్టూ ఒక గీత. అంతే! అది చూచి నేను చప్పట్లు కొట్టాను.

అదే వదిన ఆఖరి బొమ్మ. పరామర్శకు వచ్చిన నాయకుడి మనుషులు దానిని చూశారు.

"అమ్మగారండీ, అచ్చం మా అన్నే. కంచుతో పోయించి సెంటర్లో పెట్టిస్తాం. ఆ గీత ఒక్కటీ సాపు చేయించండి చాలు. కింద ఆవిడగారి పేరు కూడా వేయిస్తాం."

సెంటర్లో! వదిన జీవితమంతా కోరినది గుమ్మంలోకి వచ్చి నిలబడినది. తడిమట్టి, అరచేత్తో ఒక్కసారి రాస్తే గీత ఉండదు. ఒక్క క్షణం నా మనసు ఊగిందని చెప్పడానికి నాకు సంకోచం లేదు.

"ఆవిడ పేరు ఆవిడే వేసుకుంది నాయనా. అదిగో, ఆ గీతే" అన్నాను.

"అంటే ఇది ఇక్కడే పడుంటుంది కదండీ."

"ఉండనివ్వండి. నేను తడుపుతాను."

వాళ్ళు వెళ్ళిపోయారు. నేను నీళ్ళ చెంబు తీసుకున్నాను.

కర్మ నాడు కాలనీ ఆడవాళ్ళు వచ్చారు. భోజనాలయ్యాక షెడ్డులోకి తీసుకువెళ్ళి పట్టా తీశాను. పకపకా నవ్వారు. "అమ్మో, ఆయనే! పళ్ళతో సహా ఆయనే!" అన్నారు. మా వీధి మొదట్లో పెట్టుకుంటాం, మాకిచ్చెయ్యండి అన్నారు. సరే, అచ్చు తీసేవాళ్ళను రేపే పిలుస్తానన్నాను. అంతలో ఒకావిడ దగ్గరకు వెళ్ళి గీతను చూచి ముఖం చిట్లించింది.

"ఇదేంటండీ, ఇంతేనా? ఇది రోడ్డు పక్కిల్లు లెక్కండీ. మాకు ఇక్కడిదాకా" అంటూ బొమ్మ రొమ్ము మీద వేలితో అడ్డంగా గీసింది. గీసి, ఉలిక్కిపడి నా వంక చూచింది.

"ఇంకొంచెం గట్టిగా నొక్కమ్మా" అన్నాను.

ఇక ఆగలేదు. "జరగవే, మాది ఇంకా పల్లం!" అని ఒకరు భుజం దగ్గర, "మేం బల్ల మీద బల్లేసుకుని నిలబడ్డాం" అని మరొకరు గొంతు దగ్గర గీశారు. అందరిలోకీ పొట్టి మనిషి మాత్రం వెనుకనే నిలబడి ఉన్నది. ఆమెది ఏటికి ఆనుకున్న ఆఖరి ఇల్లు. వదిన పనిపీట తెచ్చి వేశాను. ఆమె పైకెక్కి, ఎడమ చేత్తో నా భుజం పట్టుకుని, ఆ నవ్వు మీదుగా, పెదవి ఈ చివర నుంచి ఆ చివరకు, బొటనవేలితో నెమ్మదిగా గీత గీసింది.