యూ అంటే ఉత్తమం, ఏ అంటే యాక్షన్

ఉద్యోగ విరమణకు ముందటి జూన్‌లో, గుంటూరులో నేను పనిచేసిన ప్రైవేటు డిగ్రీ కాలేజీ యాజమాన్యం ఆఖరి సంవత్సరం విద్యార్థుల సినిమా ప్రాజెక్టు బాధ్యత నాకు అప్పగించింది. అప్పటికి నేను విజువల్ కమ్యూనికేషన్ శాఖాధిపతిని. శాఖాధిపతి అంటే మరీ ఎక్కువ ఊహించుకోనక్కర్లేదు. ఆ శాఖలో నేను, మరో అధ్యాపకుడు, కొన్నాళ్లుగా వెలగని లైట్లు ఉండేవాళ్లం. అంతకుముందు కొన్నేళ్లు హైదరాబాద్‌లో సెన్సార్ బోర్డు సలహా సంఘంలో సభ్యురాలిగా ఉన్నాను. కాబట్టి ఏది కత్తిరించాలో నాకు బాగా తెలుసునని యాజమాన్యం నమ్మకం. పైగా వచ్చే వేసవికి వెళ్లిపోయే మనిషిని. పేరొస్తే కాలేజీకి, మాటొస్తే నాకు అనే సదుపాయం కూడా అందులో ఉంది.

మా కరస్పాండెంట్ గారికి పత్తి జిన్నింగ్ మిల్లు, మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉన్నాయి. విద్య మీద ప్రేమ ఆ రెండింటి తర్వాత పుట్టింది. ఆయన నన్ను గదికి పిలిపించి, "మేడం, మన పిల్లల సినిమాకి క్లీన్ యూ రావాలండి. యూ అంటే ఉత్తమం కదా" అన్నారు. యూ అంటే అన్ని వయసులవాళ్లూ చూడవచ్చునని మాత్రమే అర్థమనీ, పరమ చెత్త సినిమాలకు కూడా అది నిక్షేపంగా వస్తుందనీ చెప్పాను. "అదే, అదే" అన్నారాయన సంతోషంగా.

క్లాసులో పరిస్థితి ఇంకో రకం. కెమెరా పట్టగలిగిన ఒకే ఒక్క విద్యార్థి నాగు లేచి, "ఏ అంటే యాక్షన్ కదా మేడం? మనం ఏ కొడదాం" అన్నాడు. రెండేళ్లు చదివిన కోర్సు ఫలితం అది.

ఈ అక్షరాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. యూ అందరికీ. ఏ పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకే, చిన్నవాళ్లను థియేటర్ గేటు దగ్గరే ఆపేయాలి. మధ్యలోది యూఏ. ఒకప్పుడు అది ఒకటే ముక్క. ఈమధ్యనే దాన్ని ఏడు ప్లస్, పదమూడు ప్లస్, పదహారు ప్లస్ అని మూడు చేశారు. యూఏ ఎవరినీ గేటు దగ్గర ఆపదు. ఈ వయసు లోపు పిల్లలకు ఇది చూపాలా వద్దా అన్నది మీరే ఆలోచించుకోండని తల్లిదండ్రులకు చెప్పి ఊరుకుంటుంది. సినిమా బాగుందా బాగాలేదా అన్న ప్రశ్న ఈ అక్షరాల్లో ఎక్కడా లేదు. ఉండి ఉంటే పరిశ్రమ ఎప్పుడో మూతపడేది.

రెండు కథలు వచ్చాయి. మొదటిది నాగుది. మిర్చి యార్డులో హీరో ఒక్కడే విలన్ మనుషులందరినీ నరికేస్తాడు. ఎర్ర మిరపకాయల మీద ఎర్ర రక్తం పారుతుంది. అప్పుడు తెర మీద ఏది రక్తమో ఏది మిరపకాయో ఎలా తెలుస్తుందని అడిగాను. ఆ కోణంలో ఆలోచించలేదని ఒప్పుకున్నాడు.

రెండోది షారోన్‌ది. పర్చూరు వైపు ఒక పల్లెటూరు ఆ అమ్మాయిది. తండ్రి ఏసురత్నం కౌలుకు మిరప వేసేవాడు. నల్ల తామర పురుగు తోటలన్నిటినీ ఊడ్చేసిన ఏడాది ఆయన పురుగుమందు తాగాడు. తొమ్మిదో తరగతి చదువుతున్న షారోన్ బడి నుంచి వచ్చి చూసింది. ఊరివాళ్లు ఆటోలో చిలకలూరిపేట తీసుకెళ్లారు, మనిషి బతికాడు. ఆ తర్వాత ఇంట్లో ఆ విషయం ఎవరూ ఎత్తలేదు. "ఎవరో ఒకరు ఎత్తాలి కదా మేడం" అంది షారోన్. యార్డులో నరుకుడు కార్యక్రమాన్ని నాగు తనంతట తానే రద్దు చేసుకున్నాడు.

సినిమా ప్లానింగ్ అంటే విద్యార్థులు పోస్టర్ డిజైన్ అనుకుంటారు. ముందు ఒక వాక్యంలో కథ చెప్పగలగాలి. తర్వాత స్క్రిప్టు, ఆ తర్వాత ఏ దృశ్యాన్ని ఎన్ని షాట్లుగా తీయాలో విడగొట్టుకోవడం. వీటన్నిటికంటే ముందు, దీన్ని ఎవరు చూడాలని తీస్తున్నామో తేల్చుకోవాలి. షారోన్‌ని అడిగితే, "మా ఊరోళ్లు మేడం, మా నాన్న కూడా" అంది. ఊరంటే అందులో చిన్నపిల్లలు కూడా ఉంటారని గుర్తుచేశాను. తలూపింది. ఆ వయసులో తలూపడానికి పెద్ద అర్థం ఉండదు.

షారోన్ పాత్ర వేయడానికి ఆమె చెల్లెలు బ్లెస్సీ ఒప్పుకుంది. ఎనిమిదో తరగతి పిల్ల. పిల్లలతో షూటింగ్ చేయాలంటే జిల్లా అధికారుల అనుమతి కావాలి, తెచ్చుకున్నాం. ఫ్రేములో గేదెతో పని చేయించాలన్నా అనుమతి కావాలని చెబితే, గేదెను కథలోంచి తీసేశారు. తండ్రి పాత్రకు ఏసురత్నాన్నే అడిగారు. "చేసిందాన్నే మళ్లీ చేయమంటారేందమ్మా" అని ఆయన కల్లంలో కాయలు తిరగేసుకోవడానికి వెళ్లిపోయాడు. చివరికి నాగు బాబాయి సుబ్బారావు గారు దొరికారు. పద్యనాటకాల్లో రాజు వేషాలు కట్టే మనిషి. మందు డబ్బా చేతికివ్వగానే ఆయన ప్రేక్షకుల వైపు తిరిగి గొంతు సవరించుకున్నారు. పద్యం లేదని చెప్పాం.

"ఒక్క పద్యమైనా లేకుండా పోతే జనం ఎట్టా ఒప్పుకుంటారమ్మా?" అన్నారాయన నిజంగా బాధపడుతూ.

పద్యం లేకుండానే పోవడానికి ఆయన్ని ఒప్పించే సరికి ఎండ పోయింది. మర్నాడు మళ్లీ మొదలుపెట్టాం. మిరప కోతలు మన కాల్‌షీట్ కోసం ఆగవు గనక, రెండోసారి వెళ్లేసరికి వెనకాల తోటలో కాయలు లేవు.

ఎడిటింగ్ అయ్యాక చూశాను. సినిమా నిలబడింది. ఒక్క షాట్ దగ్గర నాకు ఇబ్బంది కలిగింది. తండ్రి మందు సిద్ధం చేసుకునే చేతుల మీద కెమెరా చాలాసేపు ఆగుతుంది, ఏదీ దాచదు. సలహా సంఘంలో ఉన్నప్పుడు మేం మొదట చూసేది ఇలాంటి చోటే. హింస ఎంత ఉందన్నది ఒక లెక్క. పిల్లలు చూసి నేర్చుకునే పద్ధతి ఉందా అన్నది దానికంటే పెద్ద లెక్క. దీనికి ఏ వస్తుందని షారోన్‌కి చెప్పాను. "జరిగింది అదే కదా మేడం, తీసేయను" అంది. సినిమా ఆమెది. నేను బలవంతం చేయలేదు.

ఈలోగా కరస్పాండెంట్ గారు కాలేజీ తరఫున సొంతంగా ఒక పరిశీలక సంఘం వేశారు. అందులో ప్రిన్సిపాల్ గారు, తెలుగు లెక్చరర్ గారు, కరస్పాండెంట్ గారి బావమరిది. ఈ చివరాయన పురుగుమందుల డీలరు. సినిమా చూసి సంఘం గంభీరంగా చర్చించింది. సినిమాలో భూమి యజమాని కౌలు రైతుతో "ఒరేయ్, తోట పీకెయ్‌రా" అనడం సంస్కారం కాదని, "తోట పీకేయండి" అనిపించమని తెలుగు లెక్చరర్ గారు సూచించారు. కోత కూలీలు చీరలు ఎగ్గట్టుకుని ఉన్నారని ప్రిన్సిపాల్ గారు కలత చెందారు. చీర పాదాల దాకా దించుకుని మిరప ఎలా కోస్తారో ఆయన చెప్పలేదు. సుబ్బారావు గారు బీడీ ముట్టించిన చోట ఆరోగ్య హెచ్చరిక తప్పనిసరి అని ముగ్గురూ ఏకగ్రీవంగా తేల్చారు. అది మాత్రం నిజమే.

ఇక అసలు షాట్ వచ్చింది. తెర నిండా చేతులు. డీలరు గారు ముందుకు వంగి, "ఆపండి, ఆపండి" అన్నారు. సంఘంలో ఒకరికైనా కళ్లున్నాయనుకున్నాను.

"ఆ డబ్బా రంగు మా షాపులో సరుకు రంగులాగే ఉందండి. రంగు మార్చండి" అన్నారాయన.

అంతకు మించి ఆ షాట్ మీద ఎవరికీ అభ్యంతరం లేదు. ఆ సంఘం దృష్టిలో మనిషి చావబోవడం అందరూ చూడదగినది, ఒరేయ్ అనడం పెద్దలకు మాత్రమే.

కాలేజీ లోపల మార్కుల కోసం చూపించుకోవడానికైతే మాకు ఈ సర్టిఫికెట్ అవసరం లేకపోయేది. కానీ పర్చూరులో ఒక థియేటర్ యజమాని ఊరివాళ్ల కోసం ఒక ఉదయం ఆట ఇస్తానన్నాడు. థియేటర్లో ప్రజలకు చూపాలంటే, టికెట్ లేకపోయినా సర్టిఫికెట్ ఉండాలి. కాలేజీ పేరు మీద దరఖాస్తు పెట్టాం. పొట్టి సినిమాను ఇద్దరు చూస్తారు, ఒక అధికారి, ఒక సలహా సంఘ సభ్యుడు. ఇద్దరిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి. చూసినంతసేపూ దరఖాస్తుదారులు బయట కూర్చోవాలి. ఒకప్పుడు లోపల కూర్చున్న నేను హైదరాబాద్‌లో ఆ రోజు షారోన్, నాగులతో బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆ బెంచీ అంత గట్టిదని అప్పట్లో తెలియదు.

లోపలికి పిలిచారు. అధికారి నడివయసు స్త్రీ. ఉన్నది ఉన్నట్టుగా అయితే ఏ ఇస్తామనీ, ఆ చేతుల షాట్ మారిస్తే యూఏ పదహారు ప్లస్ ఇవ్వగలమనీ చెప్పింది. మొదటినుంచీ కోరిన ఏ దక్కబోతున్నందుకు నాగు ముఖం వెలిగిపోయింది. షారోన్ మాత్రం, జరిగింది అదేనని మళ్లీ మొదలుపెట్టింది.

"సినిమాలో ఆ పాప ఎవరమ్మా?" అని అడిగింది అధికారి.

"మా చెల్లండి."

"ఏ ఇస్తే ఆ పాప థియేటర్లోకి రాకూడదు. తెలుసు కదా?"

ఏ అంటే ఏమిటో షారోన్ పరీక్షలో తప్పు లేకుండా రాసింది, ఆ పేపరు దిద్దింది నేనే. పరీక్షలో రాసిన సంగతి తన ఇంటికి కూడా వర్తిస్తుందన్నది ఆ గదిలో తట్టింది. నిర్ణయం నచ్చకపోతే పునఃపరిశీలన సంఘానికి వెళ్లవచ్చు, లేదా మార్పులు చేసి తేవచ్చు. ఆలోచించుకుని చెబుతామన్నాం. తిరుగు ప్రయాణంలో కరస్పాండెంట్ గారు ఫోన్ చేశారు. ఏ వచ్చేట్టయితే టైటిల్స్‌లో కాలేజీ పేరు వద్దనీ, యూ వచ్చేట్టయితే తన ఫోటో కూడా వేయమనీ చెప్పారు. యూఏ గురించి ఆయనకు అభిప్రాయం లేదు.

మరుసటి ఆదివారం చర్చి అయ్యాక షారోన్ లాప్‌టాప్ తీసుకుని తండ్రి దగ్గర కూర్చుంది. నేనూ నాగూ ఇంటి పంచలో ఉన్నాం. సినిమా మొత్తం చూపించి ఆ షాట్ ఉంచమంటావా, తీయమంటావా అని అడిగింది. ఏసురత్నం భార్య లోపల గిన్నెలు కడగడం ఆపేసింది.

"ఆ చేతులు నాకు గుర్తే లేవమ్మా. ఏం కలిపానో, ఎట్టా పట్టుకున్నానో ఏదీ తెలీదు. నువ్వు సంచీ భుజానేసుకుని గుమ్మంలో నిలబడ్డావు చూడు, అది గుర్తుంది. ఇప్పటికీ గుర్తొచ్చుద్ది" అన్నాడు ఏసురత్నం.

ఆ ఇంట్లో ఆ విషయం మొదటిసారి ఎత్తింది ఆ పూటే. షారోన్ ఏడ్చింది. తల్లి బయటికి వచ్చి తడిచేతులతోనే కూతురు తల నిమిరింది. నాగు తోట వైపు తిరిగి నిలబడ్డాడు.

షారోన్ చేతుల షాట్ మొత్తం తీసేసింది. ఆ చోట గుమ్మంలో నిలబడ్డ బ్లెస్సీ ముఖం పెట్టింది, మాట లేకుండా. సుబ్బారావు గారి అభినయంలో సగం దాంతోపాటే పోయింది. ఆయన ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడరు. మార్చింది మళ్లీ పంపాం, యూఏ పదహారు ప్లస్ వచ్చింది. ఒరేయ్ అలాగే ఉంది, చీరలూ అలాగే ఉన్నాయి. ఆ రెండింటి గురించీ అక్కడ ఎవరూ అడగనే లేదు.

పర్చూరులో ఆట రోజు కరస్పాండెంట్ గారు పట్టుశాలువాతో వచ్చి, తెర ముందు మైకు పట్టుకుని, మా కాలేజీ తీసిన ఈ స్వచ్ఛమైన కుటుంబ చిత్రానికి క్లీన్ యూ వచ్చిందని ప్రకటించారు. ఆయన దిగి కూర్చోగానే సర్టిఫికెట్ తెర మీద పడింది, యూఏ పదహారు ప్లస్ అని తాటికాయంత అక్షరాలతో. ఆయన చప్పట్లు కొట్టారు.

అంతకుముందు, జనం లోపలికి వస్తున్నప్పుడు, గేటు దగ్గర మనిషి బ్లెస్సీని ఆపాడు. ఆపాల్సిన పని లేదు, అయినా అడిగాడు.

"పాపతో పెద్దోళ్లెవరున్నారు?"

వెనక నుంచి ఏసురత్నం ముందుకొచ్చాడు. "నేనున్నా" అని కూతురి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాడు. సినిమా అయ్యేదాకా ఆమె పక్కనే కూర్చున్నాడు.

ఇక నేను నేర్చుకున్నది. సలహా సంఘంలో ఉన్న కాలమంతా తల్లిదండ్రుల పర్యవేక్షణ అనే మాటను ఎన్నో నివేదికల్లో రాశాను. అది పిల్లవాడి గురించిన నిబంధన అనుకునేదాన్ని. పక్క సీట్లో కూర్చోవడానికి ఒక పెద్దమనిషి మిగిలి ఉంటాడని ఆ నిబంధన ముందే అనుకుంటుందని పర్చూరులో తెలిసింది. సినిమా తీయబోయే విద్యార్థులకు నా సలహా ఒకటే. మీ సినిమా ఎవరు చూడాలో, వాళ్ల వయసెంతో స్క్రిప్టు రాసేటప్పుడే తేల్చుకోండి. చివర్లో తేల్చుకుంటే మీ బదులు డబ్బా రంగు చూసేవాళ్లు తేలుస్తారు.