సీమ పిండి బిస్కట్లు

యుద్ధం రోజుల్లో మాచర్ల బజారులో మైదా మాయమైంది. మిగతా ఇళ్ళకు అది పెద్ద విషయం కాదు, మాకు అయింది. మా గడప తొక్కిన వారెవరికైనా ఇత్తడి పళ్ళెంలో నేతి బిస్కట్లు పెట్టడం తాతగారి కాలం నుంచి మా ఇంటి మర్యాద. పొలాలు పోయాయి, బండ్లు పోయాయి, పళ్ళెం పోలేదు. దాన్ని పోనివ్వకూడదని మా నాయనమ్మ పట్టుదల.

పెరట్లో చిలగడదుంప తీగ దట్టంగా పాకి ఉండేది. నాయనమ్మ దుంపలను పలచని చక్రాలుగా కోయించి, మిద్దె మీద ఎండబెట్టించి, తిరగట్లో విసిరించి, గుడ్డలో జల్లించింది. ఆ పిండిలో నెయ్యి, బెల్లం కలిపి బిళ్ళలు చేసి, రొట్టెలు కాల్చే సాయిబు భట్టీకి పంపింది. మొదటి వాయి రాళ్ళలా వచ్చింది. దుర్గి శిల్పులకు పంపితే చెక్కుకుంటారని సాయిబు అన్నాడట. నాయనమ్మ నవ్వలేదు. కాస్త జొన్నపిండి, మరికాస్త నెయ్యి వేసి మళ్ళీ పంపింది. ఈసారి నోట్లో పెట్టుకుంటే కరిగిపోయాయి.

ఇక మిగిలిన చిక్కల్లా దుంప అన్న మాటే. మా వైపు ఇంట్లో గింజలు నిండుకున్నవాళ్ళే దుంపలు ఉడకేసుకునేవారు. పైగా బజార్లో ఎవరిని తిట్టినా "నీ దుంప తెగ" అనే తిట్టేవారు. ఆ మాటను మా ఇంట్లో, అతిథి ముందు ఎలా పలకడం?

మా పొలాలు కొన్న ఆసామి ఒకరోజు వచ్చాడు. నాయనమ్మను వరసకు అత్తా అనేవాడు. మైదా తింటే కడుపులో మంట పుట్టి రెండు పూటలు బాధపడే మనిషి. మర్యాదకు ఒక బిస్కటు తీసుకుని, తర్వాత పళ్ళెం ఖాళీ చేశాడు.

"ఏంది అత్తా ఈ పిండి? చానా బాగుంది."

"సీమ పిండి," అంది నాయనమ్మ, నిటారుగా కూర్చుని. సీమ మందు, సీమ గుడ్డ లాగా దొరల దేశపు సరుకని ఆమె భావం.

కొన్నాళ్ళకు ఆయన మళ్ళీ వచ్చాడు. సీమ అంటే రాయలసీమ అనుకుని నంద్యాల దాకా మనిషిని పంపాడట. అక్కడి కొట్ల వాళ్ళు ఆ మనిషిని వెర్రివాణ్ణి చూసినట్టు చూశారట. మా ఇంట్లో తిన్న రోజు కడుపు మండలేదని, ఆ పిండి ఎక్కడ దొరుకుతుందో చెప్పి పుణ్యం కట్టుకోమని బతిమాలాడు.

మేమంతా నాయనమ్మ మొహం చూశాం. చెబితే మా పొలాలు దున్నుతున్న మనిషికి మా పళ్ళెం గుట్టు తెలిసిపోతుంది. చెప్పకపోతే మా గడప తొక్కినవాడు బాధతో వెళ్ళిపోతాడు.

నాయనమ్మ లేచి పెరటి తలుపు తీసింది.

"రా అబ్బాయ్. సీమంటే ఇదే. నువ్వు కొనకుండా మిగిలిన సీమ."

ఆయన తీగను చూశాడు, నాయనమ్మను చూశాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు. పిండి తూచి ఇమ్మని అడిగాడు.

"మా ఇంట్లో పిండి అమ్మరు. ఆకలైతే వచ్చి తినిపో."

వారం వారం వచ్చి తిన్నాడు. పిల్లలం మా వాటా తగ్గిందని గొణుక్కున్నాం. వానలు పడగానే ఆయన తీగ ముక్కలు అడిగి పట్టుకెళ్ళి, ఒకప్పటి మా చేలోనే నాటించాడు. మా పెరటి తీగ మా పాత నేలలో బాగా వేరు పట్టింది.

మా ఇంట్లో దాన్ని ఇప్పటికీ సీమ పిండి అనే అంటాం. దుంప పిండి అని అడిగిన వారికి పళ్ళెం రాదు.