లీటరు సీసా

మాసయ్యను పెట్రోలు దొంగ అన్నది ఇంజను పనిలో ఓనమాలు రాని మనిషి. అసలు మంట అక్కడే.

పాలమూరు పక్క పల్లె నుంచి మట్టి పనికి వచ్చి, తట్టలు మోసి, నారాయణగూడలో దాసయ్య షెడ్డులో పానాలు అందిస్తూ అందిస్తూ మేస్త్రీ అయినవాడు మాసయ్య. చదువు లేదు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, రోగం ఎక్కడుందో చెప్పేసేవాడు. పద్దెనిమిదేళ్లలో ఎవరి బండిలోంచీ ఒక్క బోల్టు పోయిందన్న మాట పడలేదు.

అశోక్ నగర్‌లో కాపురముండే వకీలు కాశీవిశ్వనాథం గారు బందరు నుంచి వచ్చి, ప్రాక్టీసులో నాలుగు రాళ్లు వెనకేసుకున్నారు. ఎవరో జాగీర్దారు పిల్లలు రెండు తలుపుల విలాయతీ కారు అమ్ముతుంటే మోజుపడి కొన్నారు. ఆరు సిలిండర్లు, మూడు కార్బురేటర్లు. స్పీడు ముల్లు నూట యాభై మైళ్ల దాకా తిరుగుతుందట. తిరిగేదెక్కడ, నా తలకాయ! చిక్కడపల్లిలో రిక్షాల వెనక మొదటి గేరు, ఎద్దుబండి తప్పుకుంటే రెండో గేరు. మూడో గేరు మొహం చూడాలంటే ట్యాంక్ బండ్ ఎక్కాలి. టైర్లు బొంబాయి నుంచి రావాలి. ప్లగ్గులు ఆరూ నెల తిరక్కుండా మసిబారతాయి. ఇక పెట్రోలు సంగతి చెప్పక్కర్లేదు.

కారుతో వచ్చిన పుస్తకం లెక్కన లీటరుకు నాలుగు మైళ్లు రావాలి. వకీలు గారు మూడు నెలల రసీదులు ముందేసుకుని లెక్క కడితే రెండు మైళ్లు కూడా రాలేదు. మిగతా సగం ఎవరు తాగారు? కారు ఉండేది షెడ్డులో. బంకుకు తీసుకెళ్లి పోయించేది మాసయ్య. ఇంకేం, నేరం తేలిపోయింది! షెడ్డులో పదిమంది ఎదుట ఆ మాట అనేసి వెళ్లారు. శనివారం లోపల తేల్చుకో, లేదా పానాలు అప్పగించి పో అన్నాడు దాసయ్య. దొంగని పేరు పడ్డ మేస్త్రీని ఊళ్లో ఏ షెడ్డూ గడప తొక్కనివ్వదు.

తేల్చడానికి మెకానిక్కుల దగ్గర ఒకటే దారి. ట్యాంకు నుంచి వచ్చే గొట్టం ఊడదీసి, లీటరు సీసాతో పెట్రోలు అందించి, ఎక్కడ ఆగితే అక్కడికి లెక్క. ఆ బండికి సీసా ఎత్తులో ఉండాలి కాబట్టి ఎవరో ఒకరు పట్టుకు కూర్చోవాలి. తానే పట్టుకుంటానన్నారు వకీలు గారు. ఇతరుల చేతికిస్తే ఒంపేస్తారని భయం మరి. కారు అశోక్ నగర్ ఇంటికి తెచ్చి, అక్కణ్ణుంచి బయల్దేరి, లోయర్ ట్యాంక్ బండ్ దాకా పోయి, వెనక్కి తిరిగి చిక్కడపల్లి మీదుగా షెడ్డుకు. పుస్తకం నిజమైతే షెడ్డు చేరినా సీసాలో సగం దాకా మిగలాలి. చిక్కడపల్లి మార్కెట్ దాటదన్నాడు మాసయ్య.

అది అరవై తొమ్మిది జూన్. ప్రత్యేక తెలంగాణ గొడవలతో ఊరు ఉడికిపోతోంది. పొద్దస్తమానం కర్ఫ్యూ, సాయంత్రం రెండు గంటలు సడలింపు. శుక్రవారం ఆ రెండు గంటల్లోనే బయల్దేరారు. తొందరలో ఇద్దరికీ తట్టని సంగతి ఒకటుంది. అంతకు రెండు రోజుల ముందే ఎక్కడో బస్సు తగలబడింది. అలాంటి రోజుల్లో పెట్రోలు సీసా కిటికీలోంచి పైకెత్తి పట్టుకుని ఊరేగడమేమిటి?

లోయర్ ట్యాంక్ బండ్ మలుపులో పోలీసులు కర్ర అడ్డం పెట్టారు. సీసా చూడగానే ఎస్సై చెయ్యి తుపాకీ మీదికి పోయింది. ఎవరిదని అడిగాడు. వకీలు గారి మొహం పాలిపోయింది. కోర్టులో గంటల తరబడి వాదించే మనిషికి ఆ క్షణాన రెండు ముక్కలే దొరికాయి.

"సీసా ఇతనిదండీ. నాకేమీ తెలియదు."

అంటూనే సీసా మాసయ్య ఒళ్లోకి తోసేశారు. ఒలక్కుండా సీటుకు ఆనించాడో లేదో, కానిస్టేబుళ్లు మాసయ్యను చొక్కా పట్టి కిందికి లాగారు. వీపు మీద లాఠీ పడింది. దెబ్బ కంటే ఆ మాటే ఎక్కువ తగిలింది. మొన్న దొంగ, ఇవాళ బస్సులు తగలబెట్టేవాడు! జైల్లో పడితే పెళ్లాం ఈదమ్మకు కబురు చెప్పే దిక్కు కూడా లేదు. మాసయ్య చేతులు జోడించాడు.

"సార్, బండి ఎంత తాగుతదో చూస్తున్నం. సీసల ఇంక సగం ఉంది. మీరే పట్టుకొని కూసోండ్రి. మార్కెట్ కాడ బండి ఆగకుంటే నన్ను లోపలెయ్యుండ్రి."

ఎస్సై నమ్మాడో, ఆ కారెక్కాలని సరదా పుట్టిందో, వకీలు గారిని కానిస్టేబుళ్ల దగ్గర నిలబెట్టి తను ఎక్కి కూర్చున్నాడు. గట్టిగా తొక్కితే పెట్రోలు ముందే అయిపోతుందని మాసయ్యకు తెలుసు. తొక్కలేదు. రోజూ ఎలా నడిపేవాడో అలాగే నడిపాడు. అశోక్ నగర్ దాటింది. చిక్కడపల్లిలో సడలింపు ముగిసేలోగా ఉప్పూ పప్పూ కొనాలని జనం రోడ్డంతా నిండిపోయారు. ఆగుతూ కదులుతూ పోతోంది కారు. మార్కెట్ వచ్చేసింది. సీసాలో రెండు వేళ్ల మందం ఇంకా కనబడుతోంది. మార్కెట్ మొదటి దుకాణం వెనకబడింది. రెండోదీ వెనకబడింది. మార్కెట్ చివరి కొట్టు ముందు ఇంజను దగ్గింది, ఊగింది, ఆగిపోయింది.

ఎస్సై ఖాళీ సీసాను వెలుతురుకు పట్టి చూసి, ఇంత తాగుతుందా ఇది అని నవ్వేశాడు. మాసయ్య దిగి, ట్యాంకు గొట్టం మళ్లీ బిగించి, కారు వెనక్కి తిప్పాడు.

వకీలు గారు అక్కడే నిలబడి ఉన్నారు. ఎస్సై ఆయన్ని వదిలి మాసయ్యనే అడిగాడు, ఈ పెద్దమనిషికి సీసా సంగతి నిజంగానే తెలియదా అని. ఉన్నది చెబితే వకీలు గారి పని అయిపోతుంది. మాసయ్యకు నోటిదాకా వచ్చింది కూడా.

"సీస నాదే సార్. పెట్రోలు మాత్రం వకీల్ సాబ్‌ది. ఒక్క చుక్క నాకొద్దు."

ఎస్సై పొమ్మన్నాడు. కారెక్కాక వకీలు గారు, కర్ఫ్యూ వేళైంది, ఇంటికి పోదాం, షెడ్డులో రేపు మాట్లాడతానన్నారు. మాసయ్య తాళం తిప్పలేదు. పదిమందిలో అన్న మాట ఈ రోజే అక్కడ తీసుకోవాలన్నాడు, అంతే. పావుగంట మిగిలి ఉండగా షెడ్డు చేరారు. దాసయ్య, పనివాళ్లు తలుపులు దించుతున్నారు. వకీలు గారు దిగి, కారే తాగిందయ్యా, మాసయ్య తప్పేం లేదన్నారు. దెబ్బ ఊసు ఎత్తలేదు. మాసయ్యా అడగలేదు.

దసరాలోపే ఆ కారు ఎవరికో అమ్ముడుపోయింది. సీసా మాత్రం ఏళ్ల తరబడి షెడ్డులో మేకుకు వేలాడింది. ఎవరైనా పెట్రోలు ఎక్కువ తాగుతోందని వస్తే మాసయ్య ఆ సీసాయే తీసేవాడు. కానీ ఓనరు చేతికి ఇచ్చేవాడు కాదు. ఆయన్ని నడపమని, సీసా తన చేత్తో తనే పట్టుకునేవాడు.