బేరాల బాబాయి

వీధి చివర పాత కార్లమ్మే బేరాల బాబాయి నోట ఎప్పుడూ రెండే మాటలు: కొత్త కారు కొనేవాడంత వెర్రివాడు లేడు, పోలీసులు నాలుగు తగిలిస్తేగాని లోకం దారికి రాదు. ఆమధ్య అమ్మకానికొచ్చిన కారును నడిపి చూస్తున్న ఆయన కొడుకును దొంగనుకుని పోలీసులు చెంపలు వాయించారు. వాడి వినికిడి సగం పోయింది. అప్పట్నుంచి బాబాయి రెండో మాట మానేశాడు. ఇంజిను చప్పుడు విని రోగం చెప్పడం ఆ పిల్లాడి విద్య మరి.

నిన్న ఒకాయన కారు చూడవచ్చాడు. కొడుకు అలవాటుగా బానెట్ మీదికి వంగి విని, "భేషుగ్గా ఉంది నాన్నా" అన్నాడు. లోపల టకటకమని కొట్టుకోవడం వీధంతా వినిపిస్తోంది.

"ఎవరి చెవిలో పూలు పెడతావోయ్?" అన్నాడాయన.

బాబాయి కొడుక్కి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "వాణ్ణేమీ అనకండి బాబూ. అలా చెప్పమన్నది నేనే" అన్నాడు, అబద్ధమాడి ఒక్క కారూ అమ్మని మనిషి.