అద్దంలో అమ్మ కాదు!

నిరుడు వానాకాలంలో అమ్మను, మా పాపను తీసుకుని నర్సీపట్నం నుంచి కారులో లంబసింగి బయల్దేరాను. ఘాట్ మొదట్లో అమ్మవారికి కొబ్బరికాయ కొట్టందే మా అమ్మ కొండెక్కనివ్వదు. కుండపోత వానలో గుడి ముందు అన్నీ తెల్లకార్లే. కాయ కొట్టి, తలమీద తువ్వాలు కప్పుకుని అమ్మ వెనక సీట్లో కూర్చోగానే బండి పోనిచ్చాను.

నాలుగు మలుపులు తిరిగాక ముందు సీట్లోని పాప వెనక్కి చూసి కేకేసింది.

"నాన్నా, ఈవిడ నానమ్మ కాదు!"

అద్దంలో చూస్తే ఎవరో పెద్దావిడ!

"ఏటి బాబూ, నువ్వు మా అల్లుడివి కాదా?" అంటూ ఏడుపు లంకించుకుంది.

ఆ ఇరుకు దారిలో ఎలాగో కారు తిప్పుకుని వచ్చాను. గుడి దగ్గరే మరో తెల్లకారులో మా అమ్మ తాపీగా కొబ్బరిముక్కలు పంచుతోంది.

"ఈ అల్లుడుగారు నేనెక్కగానే ఆళ్ల అత్తని కాదని కనిపెట్టీసినారు. కన్నకొడుకువి, నీకింతసేపు పట్టిందేట్రా?" అంది.

ఇప్పుడు వెనక్కి తిరిగి అమ్మ మొహం చూడందే గేరు వేయను.